మూడో అంతస్తు, తూర్పు కిటికీ

జూన్ 11

కంప్యూటర్లో గది బొమ్మ పూర్తయిందనుకున్నాను. సార్ నా వెనక నిలబడి కాసేపు చూసి, "అన్నీ ఉన్నాయి గానీ అల్లుడి నోట్లో శని అన్నట్టుంది. ఎండేదమ్మా?" అన్నాడు.

ఎండ రాదు. బిల్డరు పంపిన మోడల్లో ఈ బ్లాకుకి తూర్పున రెండో బ్లాకు ఉంది. రెంటికీ మధ్య ఒక కారు పట్టేంత దారి. మూడో అంతస్తు కిటికీకి ఎదురుగా గోడ తప్ప ఇంకేమీ లేదు. ఆ గోడ మీద పడిన వెలుతురు వెనక్కి తిరిగి గదిలో పడుతుంది. బూడిద రంగులో, ఎంగిలి వెలుతురు.

"ఆ రెండో బ్లాకు లేయర్ ఆపెయ్," అన్నాడు సార్.

"అది కడతారు కదా సార్?"

"ఎప్పుడో కడతారు. ఇవాళ అక్కడేముంది? ఖాళీ స్థలం. ఉన్నదే చూపిస్తున్నాం. అబద్ధం ఎక్కడుందమ్మా ఇందులో?"

ఒక్క క్లిక్కు. ఏడంతస్తుల బ్లాకు మాయమైంది, గదిలోకి ఎండ వచ్చి పడింది. పక్క సీట్లోంచి కళ్ళజోడు తొంగిచూసి నవ్వాడు. కుర్చీలూ బల్లలూ తయారుచేసేది అతను, వాటి మీద వెలుతురు పడేలా చేసేది నేను. "మనాఫీసులో సూర్యుడు కూడా ఉద్యోగే. రమ్మంటే రావాలి, పొమ్మంటే పోవాలి," అన్నాడు.

ఖాళీ స్థలంలో చెట్లు పెట్టమన్నారు. పెట్టాను.

జూన్ 13

ఎండ వచ్చింది గానీ గది నిజం గదిలా లేదు. పొద్దుటి నుంచీ అదే తంటా.

గోడకి తెల్లరంగు వేశాను కదా అని గోడ తెల్లగా కనిపిస్తే తప్పు. నేల మీది చెక్క రంగు గోడ అడుగున కొద్దిగా అంటుకోవాలి. ఎండ నేరుగా పడే గోడ వెచ్చగా ఉండాలి, పక్క గోడ ఆకాశం నీలం పట్టి చల్లగా ఉండాలి. రెండూ కలిసినా కంటికి అది ఒకే తెలుపు అనిపించాలి. అంతా పసుపు చేస్తే పాత ఫోటో, అంతా నీలం చేస్తే ఐస్ ఫ్యాక్టరీ. మూలల్లో కాస్త చీకటి వదలాలి. కొత్తలో నేను మూలలన్నీ వెలిగించేసేదాన్ని. చీకటి లేకపోతే వెలుతురుని ఎవరూ నమ్మరని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నానికి పట్టు దొరికింది. నా చేతుల మీదుగా ఇంత మంచి గది ఇంతవరకూ రాలేదు. ఉన్నమాట రాసుకోవడానికి సిగ్గెందుకు?

జూన్ 15

అక్క ఇవాళ కూడా గది లోంచి రాలేదు. బావ పోయాక మా ఇంటికి తీసుకొచ్చినప్పుడు పది రోజులు ఉంచుకుందామనుకున్నాం. అద్దె ఇల్లు ఖాళీ చేసేసింది. కుట్టుమిషను విప్పి గోనెసంచిలో కట్టి మంచం కిందకి తోసింది. ఇరవయ్యేళ్ళు ఊరందరి బట్టలూ కుట్టిన మనిషి, తన జాకెట్టు చంక చిరిగితే పిన్నీసు పెట్టుకుని తిరుగుతోంది.

ఆ గది పిచ్చుకది. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, ఒక్కచోట నిలబడదని ఆ పేరు. ఇప్పుడది హాల్లో పడుకుంటోంది, వంటింటి బల్ల మీద చదువుకుంటోంది. ఇవాళ నా చెవిలో, "పెద్దమ్మ ఎప్పుడు బాగవుతుంది?" అంది. ఎప్పుడు వెళ్తుంది అని అడగలేదు. నేనే దాన్ని ఎత్తుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి, అలా అడక్కూడదని చెప్పాను.

జూన్ 20

సార్ "ఇదే!" అన్నాడు. కరపత్రం మీద పెద్దగా నా గదే వేస్తారట.

జూలై 6

ఆదివారం. చిన్న దిద్దుబాట్లు ఉంటే ఇంట్లోనే చేస్తున్నాను. అక్క మంచినీళ్ళకి వచ్చి నా వెనక ఆగింది. గ్లాసు చేతిలో ఉంది, తాగడం లేదు.

"ఎవరిల్లే?"

ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. వెనక్కి తిరిగితే మళ్ళీ వెళ్ళిపోతుందేమోనని తెర వైపే చూస్తూ, "ఎవరిదీ కాదక్కా. ఇంకా కడుతున్నారు," అన్నాను.

"కుర్చీ కింద నీడ మరీ నల్లగా ఉంది. అంత ఎండ పడితే నేల మీంచి కొంత పైకి కొడుతుంది కదా."

ఆమె చెప్పింది నిజమే. సరిచేశాను. పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. కిటికీ దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ మిషను వేసుకుంటే పొద్దున్న పదకొండింటి దాకా లైటు అక్కర్లేదు," అంది.

మా ఆయన పేపరు పక్కనపెట్టి నా వైపు చూశాడు. నేనూ చూశాను.

జూలై 8

"ఆ ఇల్లు అమ్ముతున్నారా?" అని అక్క అడిగింది. అమ్ముతున్నారన్నాను. బావ బీమా డబ్బు బ్యాంకులో పడి ఉంది. "దాన్ని చూడలేకపోతున్నాను. గోడలైతే చూడగలనేమో," అంది.

ఆయన ఉత్సాహం చూడాలి. "వదినగారు అడిగారంటే మాటలా? మీ సార్‌తో చెప్పి కాస్త తగ్గించేలా చూడవోయ్," అన్నాడు. ముందు ఒకసారి ఎదురుగా ఏం వస్తుందో కనుక్కోవాలని అన్నాను. "కనుక్కునేదేముంది, బొమ్మ చేసిందే నువ్వు," అన్నాడు.

జూలై 13

అందరం సైట్‌కి వెళ్ళాం. కిటికీలకి ఇంకా చట్రాలు లేవు, మెట్లకి కమ్మీలు లేవు. అక్క గోడ పట్టుకుని మూడో అంతస్తు ఎక్కింది.

గదిలో ఎండ ఉంది. నిజం ఎండ, సిమెంటు దుమ్ము ఎగురుతున్న ఎండ. ఎదురుగా ఖాళీ స్థలం, గడ్డి, రెండు గేదెలు. అక్క వెళ్ళి సరిగ్గా ఎండలో నిలబడింది. నిలబడి ఏడ్చింది. బావ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. పిచ్చుక వెళ్ళి ఆమె నడుం పట్టుకుంది.

బిల్డరు మనిషి కూడా అక్కడే ఉన్నాడు. "ఎదురుగా ఏం కడతారు?" అని అక్క కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. "పార్కు లాగా ఆలోచనలో ఉందమ్మా," అన్నాడు. అక్క నా వైపు తిరిగింది. నేను గేదెల్ని చూస్తున్నాను.

జూలై 14

ఇల్లు ఇరుకైందని కాదు. అది కారణం కానేకాదు. ఆమె ముఖంలో ఆ వెలుగు చూసి ఎవరైనా ఎలా చెప్పగలరు? పైగా రెండో బ్లాకు ఎప్పుడు కడతారో ఎవరికీ తెలీదు. ఎన్ని బ్లాకులు కాగితం మీదే ఉండిపోలేదు!

జూలై 27

అక్క వంట చేసింది. ఉప్పు ఎక్కువైంది. ఎవరూ ఏమీ అనకుండా తిన్నాం. "ఏంటి, అందరూ పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు? ఉప్పెక్కువైందని చెప్పండి, చచ్చిపోను," అంది. పిచ్చుక పడీపడీ నవ్వింది.

ఆగస్టు 9

అక్క బయానా కట్టేసింది. రిజిస్ట్రేషను వచ్చే నెలలో.

ఆఫీసులో కళ్ళజోడు టీ కప్పుతో నా సీటు దగ్గరికొచ్చాడు. "మీ అక్క తీసుకుందటగా, మూడో అంతస్తు తూర్పు?"

"అవును."

"చెప్పావా?"

"చెప్తాను."

అతను తన సీటుకి వెళ్ళిపోయాడు. అతనికేం, ఎవరి ఇంటి సంగతి వాళ్ళకి తెలుస్తుంది.

ఆగస్టు 30

స్నానాల గది దగ్గర పొద్దున్నే ఆయనకీ పిచ్చుకకీ గొడవ. అక్క లోపల ఉంది. ఇదంతా వినే ఉంటుంది. బయటికొచ్చాక తల తుడుచుకుంటూ, "ఇంకెన్నాళ్ళులే మరిదిగారూ," అంది నవ్వుతూ. ఆయన కుంచించుకుపోయాడు.

సెప్టెంబరు 2

ఆఫీసులో పని లేదు. అదే గది తెరిచి రెండో బ్లాకు లేయర్ మళ్ళీ వేశాను. చెట్లు తీసేశాను. పొద్దున తొమ్మిది గంటలకి పెట్టి చూశాను. గది చల్లబడిపోయింది. తెల్లగోడ తడిసిన పేపరు రంగుకి వచ్చింది. నేల చెక్క ఎరుపు చచ్చిపోయింది. ఎదుటి గోడకి వేయబోయే రంగు లేత ఆకుపచ్చ, కప్పు మీద అదే పడింది, జబ్బుపడ్డ మనిషి చర్మంలా. మొదట చేతి అలవాటు కొద్దీ కాంతి పెంచాను. తర్వాత ఎందుకో తగ్గించేశాను. ఎంత ఉంటుందో అంతే ఉంచాను.

పనితనం ప్రకారం చూస్తే మొదటిదాని కన్నా ఇదే బాగా వచ్చింది. ఎవరూ కొనరు, అంతే.

సెప్టెంబరు 4

చూపించాను. అక్క కూరగాయలు తరుగుతోంది. ఫోనులో తీసి, "అక్కా, ఎదురుగా ఎప్పుడైనా ఏదైనా కడితే గది ఇలా కూడా ఉండొచ్చు," అన్నాను.

కత్తి పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"ఇదెవరు చేశారు?"

"నేనే."

"అదీ నువ్వే, ఇదీ నువ్వే." ఫోను నా చేతిలో పెట్టేసింది. "ఎండ నేను నా కళ్ళతో చూశాను చిన్నీ. వంటి మీద పడింది. నువ్వు కూర్చుని చీకటి చేస్తే నేను భయపడాలా?"

"అది కాదక్కా..."

"నేను వెళ్ళిపోతుంటే నీకు బెంగగా ఉంది కదూ?" నా చెంప తట్టింది. చేతికి ఉల్లిపాయ వాసన. "పిచ్చిమొహమా. పక్క వీధేగా. రోజూ వస్తాను."

నేను తల ఊపాను.

సెప్టెంబరు 5

చెప్పాను. చెప్పాను కదా. నమ్మకపోతే నేనేం చెయ్యను?

సెప్టెంబరు 19

రిజిస్ట్రేషను అయిపోయింది. సాక్షి సంతకం నేను పెట్టాను.

డిసెంబరు 7

అక్క కొత్తింట్లోకి వెళ్ళింది. మంచం కింద నుంచి గోనెసంచి లాగుతుంటే మిషను పెడల్ తగిలి ఆయన వేలు చితికింది. "అమ్మో, ఇన్నాళ్ళ పగ తీర్చుకుంది," అన్నాడు. అక్క నవ్వింది. నవ్వుతూనే దాన్ని తుడిచి, నూనె వేసి, కిటికీ కింద పెట్టింది.

పిచ్చుక దాని గదిలో దాని పుస్తకాలు సర్దుకుంది. సర్దుకుని తలుపేసుకుని పాటలు పాడింది. ఇల్లంతా ఎంత వెడల్పుగా ఉందో. స్నానాల గదిలో ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉన్నాను.

జనవరి 18

అక్క దగ్గర కూర్చున్నాను. ఎండ గది సగం దాకా వచ్చి ఉంది. మిషను మీద ఎవరిదో ఎర్ర జాకెట్టు, ఆ ఎరుపు అక్క గడ్డం కింద పడి వెలుగుతోంది. ఇది నేను కంప్యూటర్లో చేస్తే అతి చేశావంటారు.

పై అంతస్తు పెద్దాయన చొక్కా కాలర్ మార్పించుకోవడానికి వచ్చాడు. అక్క నన్ను చూపించి, "కరపత్రం మీది బొమ్మ మా చెల్లెలే చేసింది," అని గొప్పగా చెప్పింది. ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "ఆ బొమ్మ చూసే తీసుకున్నామమ్మా. మా ఆవిడకి కీళ్ళ నొప్పులు. పొద్దుటెండ వంటికి తగలాలని డాక్టరు చెప్పాడు. అచ్చం అలాగే ఉంది. చాలా బాగా చేశారు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అక్క టీ పెడతానంది. పని ఉందని వచ్చేశాను.

ఫిబ్రవరి 10

ఎదుటి స్థలంలో గేదెల్ని తోలేశారట. కంచె వేశారు. అక్క ఫోనులో చెప్పింది, "పార్కు పని మొదలుపెట్టినట్టున్నారే."

ఫిబ్రవరి 16

తవ్వుతున్నారు. పార్కుకి అంత లోతు ఎందుకని అక్క అడిగింది. నీళ్ళ ట్యాంకు ఏమోనన్నాను.

అలా ఎందుకన్నానో!

మార్చి 29

స్తంభాలు లేచాయి. అక్క ఏమీ అడగడం లేదు.

ఏప్రిల్ 21

సార్ కొత్త పని ఇచ్చాడు. రెండో బ్లాకు, మూడో అంతస్తు, పడమటి కిటికీ. సాయంత్రపుటెండ కావాలి, తేనె రంగులో, సోఫా మీద ఏటవాలుగా. మోడల్ తెరిచాను. కిటికీకి ఎదురుగా మొదటి బ్లాకు. సరిగ్గా ఎదురుగా అక్క కిటికీ. గదిలోకి చీమంత ఎండ కూడా రావడం లేదు.

"సార్, మొదటి బ్లాకులో ఇప్పుడు మనుషులు ఉంటున్నారు. ఖాళీ స్థలం అనడానికి కూడా లేదు."

"కెమెరా కిటికీ వైపు తిప్పకు. బయట ఏముందో కనిపించదు. ఎండ ఒక్కటే కనిపిస్తుంది."

"వచ్చే ఎండయితే కాదు కదా సార్."

సార్ కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూడమ్మా, నువ్వు చెయ్యనంటే పక్క సీటతను చేస్తాడు. నీ అంత బాగా రాదు. నాకు అదొక్కటే బాధ."

అక్క ఉన్న బ్లాకుని ఆపేశాను. అక్కా, మిషనూ, పై అంతస్తు పెద్దాయనా, కీళ్ళ నొప్పుల ఆవిడా. ఎండ వచ్చింది.

ఏప్రిల్ 22

పడమటి ఎండకి సోఫా గుడ్డ మరీ నారింజ పడుతోంది. నీలం కలపాలి.

మే 30

మూడో అంతస్తు పై స్లాబు పడింది. అక్కకి ఎండ ఇంకా వస్తోంది. స్లాబు కింద కర్రలు ఉంటాయి కదా, వాటి నీడలు గదిలోకి జైలు కమ్మీల్లా పడుతున్నాయని పిచ్చుక వచ్చి చెప్పింది. అది సెలవుల్లో రోజూ అక్కడే ఉంటోంది. గుండీలు కుట్టడం నేర్చుకుంటోంది.

నేను వెళ్ళి నాలుగు వారాలైంది. ఆఫీసులో పని ఎక్కువ.

జూలై 3

గోడ వచ్చేసింది.

జూలై 20

ఆయన వెళ్ళి చూసొచ్చాడు. వచ్చినప్పటి నుంచీ ముభావంగా ఉన్నాడు. అన్నం దగ్గర, "నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"నేను చెప్పాను. సెప్టెంబర్లోనే బొమ్మ చేసి మరీ చూపించాను."

"నాకు చెప్పలేదు."

"చెప్తే ఏం చేసేవారు?"

కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఏం చేసేవాడో ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. అందుకే ఆ మాట ఇద్దరం అక్కడితో ఆపేశాం.

ఆగస్టు 8

అక్క నల్ల కోటుకి ముదురు నీలం దారం వేసి కుట్టింది. ఆ కోటు ఒక లాయరుది. ఆయన బయట వెలుతురులో చూసుకుని తెచ్చి మిషను మీద పడేశాడట. అక్క అంతా విప్పి మళ్ళీ కుట్టింది. తర్వాత ఎవరిదో ఆకుపచ్చ లంగాకి అంచు తేడా వచ్చింది. ఇరవయ్యేళ్ళలో అక్కకి ఎప్పుడూ రంగు తప్పలేదు. పొద్దున పదింటికి ట్యూబ్‌లైటు వేసుకుని కుడుతోంది. ట్యూబ్‌లైటు కింద నీలమూ నలుపూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. అది నాకు బాగా తెలుసు. తెల్లగా ఉండటం వేరు, రంగు చూపించడం వేరు. కొన్ని దీపాల్లో ఎరుపు ఉండదు, అలాంటి దీపం కింద ఎరుపు ఎలా కనిపిస్తుంది?

ఎదుటి గోడకి అప్పుడే లేత ఆకుపచ్చ రంగు కూడా కొట్టేశారట. ఇవన్నీ పిచ్చుక చెప్పింది. అక్క ఫోను చెయ్యలేదు.

ఆగస్టు 16

దీపాల కొట్టుకి వెళ్ళాను. రంగులు పగటి వెలుతురులో లాగా చూపించే బల్బులు అడిగితే, "రంగు బల్బులా మేడం, పార్టీకా?" అన్నాడు. మూడు కొట్లు తిరిగితే దొరికాయి. మిషను మీదకి వంచుకునే దీపం కూడా కొన్నాను. ఎదుటి గోడ ఆకుపచ్చని కప్పు మీద కనబడకుండా చెయ్యడానికి కాస్త గులాబీ కలిసిన తెల్లరంగు డబ్బా ఒకటి. గది కొలతలు నాకు నోటికొచ్చు. ఏ దీపం ఎక్కడ పెట్టాలో కాగితం మీద వేసుకున్నాను. ఈ గదిని నేను బాగుచెయ్యగలను.

ఆగస్టు 17

వెళ్ళాను. పొద్దున తొమ్మిది దాటింది.

నేను నిరుడు చేసిన రెండో బొమ్మలోకి నడిచినట్టుంది. గోడ రంగు అదే. కప్పు మీద ఆకుపచ్చ అదే. మూలల్లో చీకటి సరిగ్గా నేను వదిలినంతే ఉంది. ఎంత కచ్చితంగా వచ్చిందో అని గుమ్మంలోనే ఒక్క క్షణం సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని ఇక్కడ రాస్తే తప్ప పోదు.

అక్క పక్కకి జరిగింది. కుర్చీ ఎక్కి బల్బులు మార్చాను. వంపు దీపం మిషనుకి బిగించాను. "చూడక్కా, ఇప్పుడు చూడు." అక్క దారాల డబ్బా తెచ్చి, నలుపూ ముదురు నీలమూ పక్కపక్కన పట్టుకుంది.

"తెలుస్తోంది," అంది.

"ఇంకా కిటికీ పక్క గోడకి ఆ రంగు వేస్తే..."

"చిన్నీ. నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

నేను కుర్చీ మీదే ఉన్నాను. చేతిలో పాత ట్యూబ్‌లైటు.

"చెప్పాను కదక్కా, సెప్టెంబర్లో..."

"ఉండొచ్చు అన్నావు. ఉంటుంది అనలేదు. కూరగాయలు తరుగుతున్నదాని ముందు ఫోను పెట్టి, ఉండొచ్చు అన్నావు. తెలిసినవాళ్ళు అలా చెప్తారా?" గొంతు పెంచలేదు. "ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ."

"సైట్లో నేను ఏడ్చినప్పుడు కూడా?"

తల ఊపాను.

దారాలు రెండూ డబ్బాలో పెట్టింది. మూత పెట్టింది. "పైన పెద్దాయన భార్యని రోజూ కుర్చీలో రోడ్డు మీదకి దింపుతున్నారు, ఎండ కోసం. ఇద్దరు పట్టుకుని. మెట్ల మీద నాకు కనిపిస్తే నవ్వుతాడు. నేను నీ అక్కనని ఆయనకి తెలుసు కదా, అయినా నవ్వుతాడు." డబ్బా పక్కకి జరిపింది. "ఆయన సంగతి వదిలెయ్. నేను మీ ఇంట్లో అంత బరువయ్యానా?"

లేదు అనాలి. చిన్న మాట. నోట్లో నువ్వుగింజ నానదని అక్క నన్ను చిన్నప్పుడు వెక్కిరించేది, ఆ నోరు కదల్లేదు. బల్బు పెట్టె మీద రాసింది చదువుతూ నిలబడ్డాను. ఎవరో గిరాకీ వచ్చి తలుపు తట్టారు. ఆ సందు చూసుకుని వచ్చేశాను.

ఆగస్టు 18

ఫోను చేశాను. "అక్కా, నిన్న నువ్వు అడిగినదానికి, అలా ఏం లేదు," అన్నాను.

"సరే," అంది.

ఆగస్టు 19

సార్ సాయంత్రపుటెండ గదిని మెచ్చుకున్నాడు. అమ్మకాలు మొదలయ్యాయట. కళ్ళజోడు నా సీటు దగ్గరికి టీకి రావడం మానేశాడు.

ఆగస్టు 24

మళ్ళీ వెళ్ళాను. రంగు డబ్బా పట్టుకెళ్ళలేదు. ఏమీ పట్టుకెళ్ళలేదు.

అక్క స్కూలు యూనిఫాం కుడుతోంది. దీపం వెలుగు చేతుల మీద పడుతోంది, ముఖం మీద లేదు. నేను నేల మీద కూర్చున్నాను.

"అయ్యావు అక్కా," అన్నాను.

మిషను ఆగింది.

"పిచ్చుక హాల్లో పడుకునేది. ఆయన రోజూ ఏదో ఒకటి అనేవారు. నువ్వు గదిలోంచి వచ్చేదానివి కాదు, వస్తే ఏం మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. ఆఫీసు నుంచి ఇంటికి రావాలంటే భయం వేసేది. ఆ రోజు నువ్వు బొమ్మ చూసి మాట్లాడావు కదా. నీకు బాగవుతోందని సంతోషం వేసింది. నువ్వు వెళ్తావని కూడా వేసింది. రెండూ ఒకేసారి. ఏది ఎంతో నాకు ఇప్పటికీ తెలీదు."

ఎదుటి బ్లాకులో పనివాళ్ళు గోడకి మేకు కొడుతున్నారు.

"ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే ఎక్కడో ఒక గది అద్దెకి చూసుకునేదాన్ని కదే," అంది అక్క. "నాకు కోపం వచ్చేది. నాలుగు రోజులు ఏడ్చేదాన్ని. అంతే కదా."

"అమ్మేద్దాం అక్కా. నేను బిల్డరుతో మాట్లాడతాను..."

"ఎవరికి అమ్ముతావు? పొద్దున్న ఎండ వస్తుందని చెప్పి అమ్ముతావా?"

నేను నేల మీది దారం ముక్కలు ఏరుతున్నాను.

"రోడ్డు మీద ఇస్త్రీ బండి పక్కన ఒక చిన్న కొట్టు ఖాళీగా ఉంది. షట్టరు తీస్తే సాయంత్రం దాకా వెలుతురు. వచ్చే నెల నుంచి మిషను అక్కడికి మారుస్తున్నాను. ఇక్కడికి పడుకోవడానికి వస్తాను. పడుకోవడానికి చీకటే మంచిది." నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. "పిచ్చుకని పంపించు. కాజాలు కుట్టడం సగంలో ఆపింది."

"నేనూ రానా? మిషను మార్చే రోజు?"

"మనుషుల్ని పెట్టుకున్నాను."

గుడ్డ సర్దుకుంది. చక్రం తిప్పింది. సూది మళ్ళీ నడిచింది. నేను కూర్చునే ఉన్నాను. ఒక చొక్కా అయింది, మడతపెట్టి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. తల ఎత్తకుండానే, "వెళ్ళేటప్పుడు తలుపు లాగెయ్," అంది.

లేచాను. లాగాను. తనంతట తనే తాళం పడే తలుపు అది.